నేను చూడని స్లైడు

మొన్న మా లేబుకి షుగరు పరీక్ష కోసం ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. భావనపాడు నుంచి వచ్చానని చెప్పి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతూ, "మా అమ్మ నీకాడికే వొచ్చీది పాపా" అంది. ఎవరని అడిగాను. ఎండుచేపలమ్మేదని, ఒక కాలు లేదని చెప్పింది. ఆపైన నాకు ఆనవాలేమీ అక్కర్లేకపోయింది. ఎలా ఉందని అడిగితే, వానల్లోనే పోయిందంది. అప్పటికే నా చేతిలో సూది ఉంది. రక్తం తీసి, ట్యూబు మీద పేరు రాసి, దూది నొక్కి పట్టుకోమని చెప్పి, లోపలి గదిలోకి వెళ్లి కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆవిడ పేరు మా రిజిస్టర్లో చాలాచోట్ల ఉంది, నా చేతిరాతతోనే. ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

నేను టెక్కలిలో ఒక చిన్న రక్తపరీక్షల లేబులో పన్నెండేళ్లుగా టెక్నీషియన్ని. పెద్దమ్మ పొద్దున్నే బస్సు దిగేది. నెత్తి మీద వెదురుతట్ట, అందులో ఎండు నెత్తళ్లు, సావిడాయలు, పైన గోనెపట్టా. నోట్లో చుట్ట. మా వైపు ఆడవాళ్లు చాలామంది కాల్చే పద్ధతిలోనే, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. ఆ నిప్పు నోట్లో ఉండగానే బేరమాడేది, తిట్టేది, నవ్వేది. కొత్తగా చూసినవాళ్లు బెంబేలెత్తిపోయేవారు. మా మెట్ల దగ్గరికి వచ్చాక మాత్రం చుట్ట తీసి గోడకి రుద్ది ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకునేది. పొగ తాగకూడదని అక్కడ బోర్డు ఉంది గానీ ఆవిడకి చదువు రాదు. మొదటిరోజు నేను దగ్గానట. అందుకని.

బస్సు దిగిన చోటు నుంచి మా లేబుకి ఐదు నిమిషాల నడక. ఆవిడకి అరగంట పట్టేది. టైలరు కొట్టు ముందు ఆగి, అతని మిషను చప్పుడు మారిందని చెప్పేది. సైకిళ్లు బాగుచేసే అతని దగ్గర ఆగి, పిల్లదాని పెళ్లి ఎందాకా వచ్చిందని అడిగేది. మందుల షాపు అరుగు దగ్గర ఎవరూ లేకపోతే అక్కడున్న కుక్కతో మాట్లాడేది. వీధిలో అందరూ ఆవిడని వాగుడుకాయ అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆవిడ వెనకే నడవడం తటస్థించింది. టైలరుతో మాట్లాడుతున్నంతసేపూ ఒక చెయ్యి తట్టని పట్టుకునుంటే, రెండో చెయ్యి కుడికాలి పిక్కని పిసుకుతోంది. నొప్పి తగ్గగానే, అతను ఇంకా జవాబు చెబుతుండగానే, కదిలిపోయింది.

లేబుకి వచ్చాక అడిగాను. దాచలేదు.

"పిక్క పట్టెత్తాది పాపా. ఊరికే ఆగినాననుకో, ముసిల్దయిపోనాది అంటారు. మాటాడతా ఆగితే ఎవులికీ తెల్దు."

మా వీధి చివర క్లినిక్ ఉన్న డాక్టరుగారే ఆవిడని మా దగ్గరికి పంపేవారు. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోతున్నాయని ఆయన చెప్పారు. నాకు ఆ జబ్బు సంగతి అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆయనే. నాళం లోపలి గోడ నున్నగా ఉన్నంతకాలం ఏ గొడవా ఉండదట. పొగాకుతోనో, షుగరుతోనో అది గరుకెక్కితే ప్లేట్‌లెట్లు వచ్చి అక్కడ అంటుకుంటాయి. దెబ్బ తగిలినప్పుడు రక్తం కారకుండా అడ్డుపడే కణాలే అవి, మంచివే. కానీ అంటుకున్నవి ఊరుకోకుండా తెల్లకణాల్ని కూడా రప్పిస్తాయి. అవీ మంచివే, జబ్బులతో పోట్లాడేవి. అవి వచ్చి గోడలోకి దూరి వాపు తెస్తాయి. వాచిన చోటికి మళ్లీ ప్లేట్‌లెట్లు వస్తాయి. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ, రెండూ కలిసి దారి మూసేస్తాయి. ప్లేట్‌లెట్లు అంటుకోకుండా ఆయన రెండు రకాల మాత్రలు రాశారు. చుట్ట మానమని కూడా చెప్పారు. మాత్రలు వేసుకుంది, చుట్ట మానలేదు. ఒకసారి ఆ మాత్రలు పడక కడుపులోంచి కాస్త రక్తం పోయింది. అప్పట్నుంచి నెలకోసారి రక్తం చూపించుకోమన్నారు.

అలా నెలనెలా వచ్చేది. సూది గుచ్చేటప్పుడు చాలామంది మొహం తిప్పుకుంటారు. పెద్దమ్మ మొదట్నుంచి చివరిదాకా కళ్లార్పకుండా చూసేది. ట్యూబు నిండాక నా చేతిలోంచి తీసుకుని, వెలుతురుకి పెట్టి, చేప మొప్పలెత్తి చూసినట్టు అటూ ఇటూ తిప్పి, "బాగున్నాది, తీసుకో" అని ఇచ్చేది. వెళ్లేటప్పుడు కాగితం పొట్లంలో గుప్పెడు నెత్తళ్లు బల్ల మీద పెట్టేది. వద్దంటే వినదు. నేను కాకరాపల్లి వైపు రైతుల ఇంటిపిల్లనని తెలిసి, "మీకు సేపల్లో మంచీ సెడ్డా తెల్దు. ఇయి ఉప్పు తక్కువేసినవి" అనేది.

అంతవరకూ మేం కణాల్ని మైక్రోస్కోపు కింద కంటితో చూసే లెక్కపెట్టేవాళ్లం. అప్పుడు మా లేబుకి కొత్త మిషను వచ్చింది. రక్తం పెడితే నిమిషంలో అన్ని కణాలూ లెక్కపెట్టి కాగితం బయటికి తోస్తుంది. అయితే ప్లేట్‌లెట్లు బాగా తక్కువ చూపిస్తే మాత్రం దాన్ని నమ్మకూడదు. ఒక చుక్క అద్దం మీద పరిచి, రంగువేసి, మైక్రోస్కోపు కింద కంటితో చూడాలి. అలా చూసి సరిపోయిందనుకున్నాకే రిపోర్టు మీద సంతకం పెట్టాలి. ఇది నాకు చదువుకునే రోజుల్లోనే నేర్పారు. నా తర్వాత చేరినవాళ్లకి నేనే నేర్పాను.

ఆ ఏడు వానాకాలం జ్వరాలు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ పట్టుకున్నాయి. పొద్దున్న తలుపు తీసేసరికి మెట్ల నిండా మనుషులు. అందరికీ ప్లేట్‌లెట్లు తక్కువే. రోజుకి అన్ని తక్కువ లెక్కలు చూసి చూసి నాకు కంటికి అలవాటైపోయాయి. ఆ గుంపులో పెద్దమ్మ వచ్చింది. జ్వరం ఉందా అని నేను అడగలేదు. అడిగుంటే లేదనేది. మిషను ఆవిడ ప్లేట్‌లెట్లు ఉండాల్సినదాంట్లో మూడో వంతు కూడా లేవంది. నేను చుక్క పరిచాను, రంగువేశాను, ఆరబెట్టాను. ఆ స్లైడుని మిగిలిన వాటితోపాటు పెట్టెలో పెట్టేశాను. చూడలేదు. సంతకం పెట్టాను.

ఎందుకు చూడలేదని ఇన్నాళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అలిసిపోయానంటే నిజమే. కానీ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడానికి నాకు తీరిక దొరికింది. అందరితోనూ కూర్చుని పది నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాను కూడా. మైక్రోస్కోపు కింద ఆ స్లైడు చూడటానికి రెండు నిమిషాలు చాలు.

డాక్టరుగారు రిపోర్టు చూసి భయపడ్డారు. ప్లేట్‌లెట్లు అంత తక్కువున్న మనిషికి, అంతకు ముందు కడుపులో రక్తం పోయిన మనిషికి ఆ మాత్రలు ఇస్తే ప్రమాదం కదా. రెండూ ఆపేయమన్నారు. మూడు వారాలు తిరక్కుండానే పెద్దమ్మ కుడిపాదం చల్లబడి, వేళ్లు నల్లబడ్డాయి. విశాఖపట్నం తీసుకెళ్లారు. అక్కడ మోకాలి కింద నుంచి తీసేశారు.

ఈ సంగతి నాకు టైలరు చెప్పాడు. ఆ సాయంత్రం పెట్టె దించి ఆవిడ స్లైడు వెతికి మైక్రోస్కోపు కింద పెట్టాను. ప్లేట్‌లెట్లు తక్కువేమీ లేవు. ఉండాల్సినన్నీ ఉన్నాయి, కానీ విడివిడిగా లేవు. ప్రతి తెల్లకణం చుట్టూ దండ గుచ్చినట్టు అతుక్కుని ఉన్నాయి. కొంతమంది రక్తానికి, గడ్డకట్టకుండా మేం ఊదామూత ట్యూబులో వేసే మందు పడదు. ఆ ట్యూబులోకి వచ్చాకే ప్లేట్‌లెట్లు వెళ్లి తెల్లకణాలకి అంటుకుంటాయి. ఒంట్లో ఉన్నప్పుడు ఆ తీరులో ఉండవు. మిషను ఆ మొత్తాన్నీ ఒకే తెల్లకణం కింద లెక్కేస్తుంది. నీలంమూత ట్యూబులో వేరే మందుంటుంది, అందులో తీసి చూస్తే సరైన లెక్క వస్తుంది. ఇది అరుదైన విషయమే గానీ నాకు తెలియని విషయం కాదు. ఆవిడ కాలి నాళాల్లో ఆ రెండు కణాలూ నిజంగానే కలిసి చెరుపు చేస్తున్నాయి. నా ట్యూబులో ఉత్తినే అతుక్కున్నాయి. ఆ ఉత్తిదాని వల్ల నిజమైనదానికి పడుతున్న మందు ఆగిపోయింది.

మాత్రలు ఆపకపోయినా ఆ కాలు ఎప్పటికైనా పోయేదేనేమో. చుట్ట మానని మనిషి కదా. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ ఆవిడ మెట్ల దగ్గర చుట్ట ఆర్పడమే కళ్ల ముందుకొచ్చేది.

రెండు నెలల తర్వాత ఆటోలో వచ్చింది. చంకలో కర్రలు. చిక్కిపోయింది. విశాఖలో మళ్లీ మాత్రలు మొదలుపెట్టారట. వాళ్ల లెక్కలో అంతా సరిగ్గానే వచ్చిందట. డాక్టరుగారేమో మధ్యలో ఏదో జ్వరం వచ్చి తగ్గిపోయి ఉంటుందనుకున్నారు. నేను ఆవిడకి రెండు ట్యూబుల్లో రక్తం తీశాను. ఎప్పుడూ ఒకటే కదా, ఇవాళ రెండెందుకని అడిగింది. అప్పటికి లేబులో ఇంకెవరూ లేరు. ఆవిణ్ణి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, పాత స్లైడు పెట్టాను. ఒక కన్ను మూయడం రాక కాసేపు తంటాలు పడి, చివరికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎండేసిన సేప మీద ఈగలు వాలినట్టున్నాది" అంది.

ఆ మధ్యలో పెద్దగా కనిపించేది తెల్లకణమనీ, చుట్టూ ఉన్నవి ప్లేట్‌లెట్లనీ, ఇది తన రక్తమేననీ చెప్పాను. మిషను వాటిని చూడలేక లేవని చెప్పిందనీ, అందుకే డాక్టరుగారు మాత్రలు ఆపారనీ చెప్పాను. ఆవిడ కన్ను తియ్యకుండానే విని, అడిగింది.

"మిషనుకి అగపడనేదు సరే. నీకు అగపడతన్నాయి గదా. ఆ రోజేటైంది?"

"ఆ రోజు నేను చూడలేదు పెద్దమ్మా."

అప్పుడు కన్ను తీసింది. నా వైపు చూడలేదు. చీర అంచుతో కంటి చుట్టూ తుడుచుకుంది. ఏడుస్తోందేమోనని నాకు అనుమానమొచ్చింది గానీ కాదు, కళ్లజోడు అలవాటు లేని మనిషికి ఆ గొట్టం ఒత్తుకుపోయింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టుంటే బాగుండేది.

"డాక్టరు బాబుకి సెప్పినావా?"

"లేదు."

"నాకు సెప్తే ఏటొస్తాది? నా కాలు పోనాది. ఆయనకి సెప్పు. ఆ మందుల సీటీ మీద రాయమను. రేపు నానింకోకాడికెల్తే ఆల్లూ ఇలాగే మాత్ర ఆపెత్తారు. నా లాటిది ఇంకోర్తి వొచ్చినా ఆపెత్తారు."

చెబుతానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే చెప్పాలనుకున్నాను.

చెప్పలేకపోవడానికి కారణం చిన్నది. ఆ డాక్టరుగారు నన్ను అందరి ముందూ మెచ్చుకునేవారు. ఈ అమ్మాయి సంతకం ఉంటే రెండోసారి చూడక్కర్లేదని పేషెంట్లతో అనేవారు. ఆయన క్లినిక్ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, లోపల జనం ఉన్నారని తిరిగొచ్చేశాను. తర్వాతి నెల పెద్దమ్మ వచ్చి, కూర్చోకముందే అడిగింది చెప్పావా అని. ఆయన ఊళ్లో లేరన్నాను. ఆ పై నెల, ఆయనకి ఒంట్లో బాగోలేదన్నాను. మూడోసారి అడిగినప్పుడు, చెప్పేశానన్నాను. ఆయనేమన్నారని అడిగింది. ఇక మీదట జాగ్రత్తగా ఉండమన్నారని, చీటీ మీద కూడా రాస్తానన్నారని, ఆయన అనని మాటలు కల్పించి చెప్పాను. ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసి, "మంచిది" అంది.

నేను చేసిందల్లా, ప్రతి నెలా ఆవిడ రక్తం నీలంమూత ట్యూబులో తీసి సరైన లెక్క రాయడం. ఎందులో తీశానో, ఎందుకు తీశానో ఏ రిపోర్టు మీదా రాయలేదు. రాస్తే అడుగుతారు కదా. ఆవిడ మాత్రం ఆ ట్యూబుని గుర్తుపట్టేసింది. నేను జ్వరంతో రాని రోజున వేరే అమ్మాయి ఊదామూత ట్యూబు తీస్తే, చెయ్యి వెనక్కి లాక్కుని నీలంమూతది తెచ్చేదాకా ఇవ్వలేదట.

కొన్నాళ్లకి పెట్టుడుకాలు వచ్చింది. తట్ట మళ్లీ నెత్తికెక్కింది. దూరం నుంచే టక్కుటక్కుమని వినిపించేది. మొదటిసారి దాంతో వచ్చిన రోజు కుర్చీలో కూర్చుని, చీర కాస్త పైకి లాగి, దాన్ని వేళ్లతో కొట్టి చూడమంది. కొట్టాను. "దీనికి పిక్క పట్టదు పాపా" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, వచ్చినప్పుడల్లా అలాగే మామూలుగా ఉండేది. చెయ్యి చాపేది, ట్యూబు వెలుతురుకి పెట్టి చూసేది, నెత్తళ్లు బల్ల మీద పెట్టి వెళ్లేది. ఈమధ్య కొన్ని నెలలు రాకపోతే, ఒడిశాలో చిన్నకూతురింటికి వెళ్లిందని ఎవరో అన్నారు.

మొన్న వచ్చిన పెద్దకూతురు ఆ మిగిలిన సంగతి చెప్పింది. చెల్లెలింట్లో ఉండగా పొద్దున్నే పెద్దమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉంటుందని అన్నారు. కానీ రక్తపరీక్షలో ఏవో కణాలు బాగా తక్కువున్నాయని వచ్చింది. దాంతో, గడ్డ కరగడానికి ఇచ్చే మందు వెయ్యడానికి వెనకాడారు. ఇంకో పెద్దాసుపత్రికి రాశారు. దారిలోనే అయిపోయింది.

"సెల్లి సెప్పింది గదా, అమ్మ నీలంమూత, నీలంమూత అంటానే ఉన్నాదంట. ఏటంటన్నాదో ఆల్లకి బోదపడనేదు. మాకూ బోదపడనేదు. నీకేటైనా తెల్సా పాపా?"

తెలుసన్నాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను. విన్నాక ఆమె దూది కింద పారేసి, లేచి వెళ్లిపోయింది. రిపోర్టు తీసుకోవడానికి వేరే మనిషిని పంపించింది.

ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఈసారి లోపల జనం ఉన్నా, బల్ల మీద కూర్చుని నా వంతు వచ్చేదాకా ఉన్నాను. ఆయన ఈమధ్య బాగా పెద్దవారైపోయారు. నేను స్లైడు తీసుకెళ్లాను గానీ ఆయన చూడలేదు, చేతిలో పట్టుకుని ఉండిపోయారు. నేను ఆ రోజు చూడకపోవడం, తర్వాత చూడటం, పెద్దమ్మ నన్ను చెప్పమనడం, నేను చెప్పేశానని ఆవిడతో అబద్ధమాడటం, అన్నీ వరసగా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన స్లైడుని బల్ల మీద పెట్టేశారు.

"ఇంకోసారి తీయించి చూడమని నేనూ అనలేదమ్మా. సంతకం చూసి ఊరుకున్నాను" అన్నారు. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తారు. "ఆవిడ నన్నొకసారి అడిగింది. లేబులో పాప మీతో ఏమైనా చెప్పిందా అని. లేదే, ఏమిటి సంగతి అన్నాను. ఏటీ నేదు బాబూ అని వెళ్లిపోయింది."

ఎప్పుడని అడిగాను.

ఆయన ఆలోచించి, పెట్టుడుకాలు చూపించడానికి వచ్చిన రోజు అన్నారు. అక్కడ చూపించుకుని, నేరుగా మా లేబుకే వెళ్తానందట.

అంటే ఆ కాలు నా చేత కొట్టించి నవ్విన రోజుకే ఆవిడకి తెలుసు. ఆ పైన ఏడాదిన్నర, నెలనెలా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒక్కసారైనా మళ్లీ ఆ మాట అడగలేదు. అడగడం లేదు కదా, నమ్మేసిందనుకున్నాను.